ఓడలో సాయంత్రం ఆరు దాటాక

పదిహేనేళ్ళ క్రితం మన మార్కమ్‌లో నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట చేరితే ఇళ్ళ ధరల గురించి, పిల్లల బడుల గురించి మాట్లాడుకునేవారు. ఇప్పుడు ఇళ్ళ ధరల ఊసెత్తితే తిన్నది అరగదు కనుక కాబోలు, మాటలు క్రూజుల మీదికి మళ్ళాయి. "అలాస్కా చూశారా?", "ఈ మార్చి బ్రేక్‌కి కరీబియనా?" అన్నవి కుశల ప్రశ్నల్లో చేరిపోయాయి. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఫిబ్రవరిలో వాకిట్లో మంచు ఎత్తి ఎత్తి నడుం పట్టేసినవాడికి ఫ్లోరిడా రేవులో నిలబడ్డ ఓడ బొమ్మ చూస్తే ప్రాణం లేచివస్తుంది. అంతకంటే పెద్ద కారణం మరొకటి ఉంది. సూపర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలని ఎక్కడికైనా తీసుకెళ్ళాలంటే ఓడంత సుఖమైన సాధనం లేదు. పెట్టెలు ఒక్కసారి విప్పితే చాలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కుర్చీలో కూర్చుంటే ఊళ్ళే వాళ్ళ దగ్గరకి వస్తాయి.

టికెట్లు కొని, డబ్బు కట్టేశాక, ఓడ కంపెనీ పంపిన కాగితాలు తీరిగ్గా చదువుతుంటే అందులో ఒక పేరా కనిపిస్తుంది. ఫలానా రెండు రాత్రులు 'ఫార్మల్ నైట్' అనీ, ఆ రాత్రులు భోజనశాలకి వచ్చే మగవాళ్ళు టక్సీడో గానీ ముదురు రంగు సూటు గానీ వేసుకోవాలనీ ఉంటుంది. కంగారు అక్కడ మొదలవుతుంది. టక్సీడో కొనాలా, అద్దెకి తేవాలా? పెళ్ళినాటి సూటు ఇప్పుడు పొట్ట దగ్గర బొత్తాం పడుతుందా? వీటికి జవాబులు సులువే. సులువు కాని ప్రశ్న ఒకటుంది: జన్మలో కోటు తొడగని నాన్నగారిని ఏం చెయ్యాలి? మిత్రుల ఇళ్ళల్లో ఈ ప్రశ్నకి దొరికిన జవాబు నాలుగైదుసార్లు విన్నాను. "ఆ రెండు రాత్రులూ పెద్దవాళ్ళు పైన బఫేలో తినేస్తారులెండి, మనం కిందికి వెళ్దాం." ఈ జవాబు నాకు నచ్చలేదు. నచ్చకపోవడం అలా ఉంచి, నియమాన్ని సగమే చదవడం వల్ల వచ్చిన జవాబు అది. మిగతా సగం చెబుదామనే ఈ వ్యాసం.

పాత పద్ధతులని అన్నిటికంటే గట్టిగా పట్టుకుని ఉన్న కంపెనీ క్యూనార్డ్. 'క్వీన్ మేరీ 2' వీళ్ళదే. దీన్ని నమూనాగా తీసుకుంటే మిగతా కంపెనీలన్నీ ఇంతకంటే మెత్తనివే అనుకోవచ్చు. వీళ్ళ ఓడల్లో సాయంత్రం ఆరు గంటలు రోజుని రెండుగా కోస్తుంది. ఆరు లోపల మీ ఇష్టం. ఆరు దాటాక రెండు రకాల రాత్రులు. మామూలు రాత్రి అయితే మగవాళ్ళకి కాలరున్న చొక్కా, మంచి ప్యాంటు ఉండాలి, టై అక్కర్లేదు. నిక్కర్లు, చిరుగుల జీన్సు పనికిరావు. రెండోది 'గాలా ఈవినింగ్'. వారం రోజుల ప్రయాణంలో ఇవి సాధారణంగా రెండు వస్తాయి. ఒక్కోసారి 'నలుపు తెలుపు' అనో, 'ముసుగుల రాత్రి' అనో దానికో పేరు కూడా పెడతారు. పేరుకి తగినట్టు తయారయ్యేవాళ్ళు తయారవుతారు, లేకపోయినా తప్పులేదు. గాలా రాత్రి మగవాళ్ళకి టక్సీడో, లేదా టైతో ముదురు సూటు. ఆడవాళ్ళకి ఈవినింగ్ గౌను గానీ, కాక్‌టెయిల్ డ్రెస్సు గానీ, అలాంటిదే మరొకటి గానీ.

మనవాళ్ళు చదవడం ఇక్కడ ఆపేస్తారు. నియమం ఇక్కడ ఆగదు. ఆ వరసలోనే ఇంకో రెండు మాటలున్నాయి: 'నేషనల్ డ్రెస్'. అంటే మీ దేశపు దుస్తులు. ఇది టక్సీడో లేనివాళ్ళ మీద జాలిపడి కింద చిన్న అక్షరాలతో ఇచ్చిన మినహాయింపు కాదు. టక్సీడోతో సమానంగా, దాని పక్కనే, 'లేదా' అన్న మాటకి అటు అది, ఇటు ఇది. ప్రోగ్రాములు రాసుకుని బతికేవాణ్ణి కనుక నాకు 'లేదా' అంటే గౌరవం ఎక్కువ. రెండిట్లో ఏ ఒక్కటి నిజమైనా తలుపు తెరుచుకుని తీరాలి.

ఇంకో సంగతి. ఈ నియమం ఓడంతటికీ కాదు. ప్రధాన భోజనశాల, కొన్ని బార్లు, నాట్యశాల, ఇలాంటి చోట్లకే. బఫే, పబ్బు లాంటివి మినహాయింపు. గదికి భోజనం తెప్పించుకున్నా ఎవరూ ఏమీ అనరు. అలంకరణ అంటే విసుగున్నవాళ్ళు హాయిగా పైకి వెళ్ళి తినొచ్చు. ఇష్టపడి వెళ్ళడం వేరు, పంపించడం వేరు.

అసలీ ఆచారం ఎక్కడిది? శామ్యూల్ క్యూనార్డ్ ఒక విధంగా మనవాడే. 1787లో హాలిఫాక్స్‌లో పుట్టాడు. అట్లాంటిక్ మీద ఉత్తరాలు మోసే కాంట్రాక్టు బ్రిటిష్ ప్రభుత్వం దగ్గర సంపాదించి, 1840 జులైలో 'బ్రిటానియా' అనే ఆవిరి ఓడని లివర్‌పూల్ నుంచి హాలిఫాక్స్ మీదుగా బోస్టన్‌కి నడిపించాడు. ఆ ఓడలో సాయంత్రపు సింగారాలకి తావు లేదు. 1842 జనవరిలో అదే ఓడ ఎక్కిన చార్లెస్ డికెన్స్ తన గది ఎంత ఇరుకో, భోజనశాల ఎంత నిరుత్సాహంగా ఉందో వెక్కిరిస్తూ రాశాడు. సగంమంది కడుపులో తిప్పి పడకలకి అతుక్కుపోయిన ఓడలో ఎవరేం కట్టుకుంటే చూసేదెవరు?

ఓడలు పెద్దవై, ఊపు తగ్గి, కరెంటు దీపాలు వచ్చాక కథ మారింది. ఇంగ్లండులో కలిగినవాళ్ళ ఇళ్ళలో రాత్రి భోజనానికి బట్టలు మార్చుకుని రావడం ఆనవాయితీ. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఆ ఇల్లే సముద్రం మీదికి వచ్చింది. టక్సీడో పుట్టుక కూడా ఆ కాలానిదే. తర్వాత ఏడో ఎడ్వర్డ్ రాజైన యువరాజు 1860లలో, వెనక తోకలు లేని పొట్టి కోటు ఒకటి లండనులో కుట్టించుకున్నాడు. ఆ తరహా కోటు అమెరికా చేరి, 1886 ప్రాంతంలో న్యూయార్క్ దగ్గర టక్సీడో పార్క్ అనే సంపన్నుల విడిదిలో చెలామణీ అయ్యి, ఆ ఊరి పేరే తగిలించుకుంది. అంటే టక్సీడో అన్నది మన వెంకటగిరి, ధర్మవరం లాంటి మాటే. ఊరి పేరు బట్టకి వచ్చింది, అంతే. దానికి భయపడవలసింది ఏముంది?

1935లో వచ్చిన ఫ్రెంచి ఓడ 'నార్మండీ'లో భోజనశాల పొడవు 300 అడుగుల పైమాటే. అందులోకి ఆడవాళ్ళు మెట్లు దిగి వస్తుంటే కింద కూర్చున్నవాళ్ళు తలలెత్తి చూసేవారు. ఆ మెట్లు కట్టింది అందుకే. ఈ ఆచారం మనుషుల్లో ఎంతగా జీర్ణించుకుపోయిందంటే, 1912లో టైటానిక్ మునిగిపోతున్నప్పుడు బెంజమిన్ గుగెన్‌హైమ్ అనే కోటీశ్వరుడు వెచ్చటి బట్టలు విప్పేసి సాయంత్రపు దుస్తులు వేసుకుని నిలబడ్డాడని బతికి బయటపడ్డ స్టీవార్డు ఒకడు చెప్పాడు. చావుకి కూడా డ్రెస్ కోడ్ పాటించాడన్న మాట.

అయితే ఇదంతా మొదటి తరగతి వైభోగం. మూడో తరగతిలో నిన్న కట్టిన బట్టే రేపూను. పైగా మొదటి తరగతిలో ఈ నియమం ఎక్కువగా రాయని నియమం. ఆ ఇళ్ళలో పుట్టినవాళ్ళకి తెలుసు. పుట్టనివాళ్ళు తెలియక దొరికిపోతారు. రాయని నియమాల పనే అది. 1958లో జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలుపెట్టాక ప్రయాణపు ఓడల పని అయిపోయింది. బతకడం కోసం అవి విహారపు ఓడలయ్యాయి, తరగతుల గోడలు చాలావరకు కూలాయి. కొత్తవాళ్ళు ఎక్కారు. వాళ్ళకి తెలియదు కనుక నియమాన్ని కాగితం మీద పెట్టవలసివచ్చింది. మనకి చిరాకు కలిగించే ఆ పేరా నిజానికి మన కోసం రాసినదే. రాసిన నియమాన్ని చదవొచ్చు, అడగొచ్చు, చూపించి వాదించొచ్చు. రాయనిదానితో ఏం చెయ్యగలం?

పాతకాలపు గుర్తు ఒకటి ఇప్పటికీ ఉంది. మొదటి రాత్రి, ఆఖరి రాత్రి ఎప్పుడూ ఫార్మల్ కావు. మొదటి రాత్రికి పెట్టెలు ఇంకా గదికి చేరవు. ఆఖరి రాత్రికి పెట్టెలు సర్దేసి ఉంటాయి. ఆ రోజుల్లో పెట్టెలంటే మనం ఈడ్చుకెళ్ళే చక్రాల పెట్టెలు కావు, భోషాణాలు. 'ప్రయాణంలో అక్కర్లేదు' అని చీటీ అంటించినవి ఓడ అడుగుకి పోయేవి. సామాను లెక్కని బట్టి పుట్టిన నియమం, భోషాణాలు పోయినా మిగిలింది. మా వృత్తిలో ఇలాంటివి రోజూ చూస్తాం. ఫలానా లైను ఎందుకు రాశారో ఎవరికీ గుర్తుండదు, తీసేస్తే మాత్రం ఏదో విరుగుతుంది.

మరి ఈ ఓడల కథలో తెలుగువాడు ఎక్కడున్నాడు? చాలా చోట్ల ఉన్నాడు, భోజనశాలలో తప్ప. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన 'ట్రూరో' ఓడలో కూలి ఒప్పందం మీద వెళ్ళినవాళ్ళలో మనవాళ్ళున్నారు. కాకినాడ, విశాఖపట్నం నుంచి రంగూన్ వెళ్ళే స్టీమర్లలో డెక్కు మీద చాపలు పరుచుకుని, మూటలే తలగడలుగా వెళ్ళినవాళ్ళకి లెక్కలేదు. కోరంగి రేవు పేరుతో బర్మాలో మనవాళ్ళని కోరంగీలనే పిలిచారు. వాళ్ళకి ఏ డ్రెస్ కోడూ లేదు. పైకి రానివ్వని చోటికి నియమం అక్కర్లేదు కదా.

మొదటి తరగతి దాకా కాకపోయినా, గది కొనుక్కుని సీమకి వెళ్ళిన చదువరులు తర్వాత వచ్చారు. ఆ ప్రయాణపు బెరుకు అంతా మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిస్టర్ పార్వతీశం'లో ఉంది. సీమ వెళ్తున్నాను కదా అని పార్వతీశం మద్రాసులో దొరబాబులా టోపీ కొనుక్కుంటాడు. తీరా అది ఆడవాళ్ళ టోపీ. మనం వందేళ్ళుగా నవ్వుతున్నాం గానీ, ఆ నవ్వు కింద ఉన్నది భయమే. రాయని నియమం తెలియనివాడి భయం. కల్పిత పాత్రే కాదు, గాంధీగారు కూడా 1888లో 'క్లైడ్' ఓడలో వెళ్తూ, కత్తీ ఫోర్కూ పట్టడం రాక, ఏది శాకాహారమో అడగడానికి మొహమాటపడి, భోజనాల బల్ల దగ్గరికే వెళ్ళలేదు. వెంట తెచ్చుకున్న మిఠాయిలు, పళ్ళతో గదిలోనే గడిపారు. ఓడలో నల్ల సూటు వేసుకుని, దిగేటప్పుడు బాగుంటుందని తెల్ల ఫ్లానెల్ సూటు వేసుకుంటే, సెప్టెంబరు చివర ఆ రేవులో తెల్లబట్టల్లో ఉన్నది ఆయనొక్కరేనట. ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు. అదే మనిషి 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి 'రాజపుతానా' ఓడలో కొల్లాయి కట్టుకుని వెళ్ళారు. మధ్య నలభైమూడేళ్ళు పట్టింది.

దుస్తులు అటు నుంచి ఇటే వచ్చాయనుకుంటే పొరపాటు. టక్సీడోలో నడుముకి చుట్టే వెడల్పాటి పట్టీని 'కమర్‌బండ్' అంటారు. అది ఇంగ్లీషు మాట కాదు. పారసీ నుంచి హిందుస్తానీలోకి వచ్చి, మన దేశంలో ఉన్న దొరలు నేర్చుకున్నది. మన దట్టీయే. ఎర్రసముద్రం వేడికి తట్టుకోలేక, కోటు విప్పేసి తెల్లచొక్కా మీద ఈ దట్టీ చుట్టుకుని భోజనానికి రావచ్చని దొరలు తమకి తామే ఒక సడలింపు ఇచ్చుకున్నారు. దానికి 'రెడ్ సీ రిగ్' అని పేరు కూడా ఉంది. ఉక్కపోస్తే దొరలకే మారిన నియమం మనకి మారదా?

తమాషా ఏమిటంటే, పంచెకి అడ్డు ఓడల్లో కంటే మన దేశపు క్లబ్బుల్లో ఎక్కువ. 2014 జులైలో చెన్నైలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ డి. హరిపరంధామన్ పంచె కట్టుకుని ఒక పుస్తకావిష్కరణకి వెళ్తే, అక్కడి క్రికెట్ సంఘం క్లబ్బు గుమ్మంలో ఆపేశారు. తెల్లవాళ్ళు వెళ్ళిపోయిన అరవై ఏడేళ్ళకి! పెద్ద గొడవ అయ్యింది. ఆ ఆగస్టులోనే తమిళనాడు శాసనసభ చట్టం చేసింది. పంచె కట్టుకున్నందుకు లోపలికి రానివ్వకపోతే ఏడాది దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. నలభైమూడేళ్ళో, అరవై ఏడేళ్ళో, మొత్తానికి నియమం కంటే మనసు మారడానికే ఎక్కువ కాలం పట్టేటట్టుంది.

ఇక మా ఇంటి సంగతి. మా నాన్నగారిది కొవ్వూరు దగ్గర పల్లె. తెలుగు మేష్టారుగా చేసి రిటైరయ్యారు. బడికీ పంచే, బ్యాంకుకీ పంచే. మేము న్యూయార్క్ నుంచి బయల్దేరే ఓడకి టికెట్లు కొన్నప్పుడు, అమ్మిన ఏజెంటు ఫోనులో ఖచ్చితంగా చెప్పాడు: టక్సీడో లేనిదే డైనింగ్ రూములోకి రానివ్వరు, కావాలంటే అద్దెకి ఇప్పిస్తానని. మా పెద్దవాడికి పదిహేనేళ్ళు. "తాతయ్య పంచెలో వస్తే అందరూ మనల్నే చూస్తారు" అని వాళ్ళమ్మతో ఇంగ్లీషులో అన్నాడు. ముప్పయ్యేళ్ళు బళ్ళో ఉన్న మనిషికి ఆపాటి ఇంగ్లీషు రాదా? నాన్నగారు ఏమీ అనలేదు. రాత్రి పడుకునే ముందు నాతో, "ఒరేయ్, మీరు వెళ్ళి తినండి. నాకు రాత్రిళ్ళు పెరుగన్నం చాలు, గదికి తెచ్చిపెట్టండి" అన్నారు.

ఓడ కంపెనీకి ఉత్తరం రాశాను. పంచె, లాల్చీ, కండువా అంటే ఏమిటో వివరించి, ఫోటో జతచేసి, ఇది మీ నియమంలోని నేషనల్ డ్రెస్ అవునా కాదా అని అడిగాను. మర్నాటికి రెండు వాక్యాల జవాబు వచ్చింది: అవును, సంతోషంగా రండి అని. దాన్ని అచ్చువేసి నాన్నగారి చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, మడిచి లాల్చీ జేబులో పెట్టుకున్నారు.

ఆ కాగితం బయటికి తియ్యవలసిన అవసరం రాలేదు. జరీ అంచు తెల్లపంచె, గంధం రంగు లాల్చీ, భుజాన కండువా. తలుపు దగ్గరున్న పెద్ద ఉద్యోగి నమస్కారంలాంటిది పెట్టి లోపలికి నడిపించాడు. మా బల్లకి వడ్డించిన కుర్రాడిది కేరళ. పంచె చూసి మొహం వెలిగిపోయింది. వాళ్ళ భాషలో దాన్ని ముండు అంటారని నాన్నగారికి చెప్పాడు. ఆ మాట తెలుగు చెవికి కాస్త ఇబ్బందే గానీ, ఆ రాత్రి నుంచి అడగకుండానే పెరుగు వచ్చేది. పక్క బల్ల దగ్గర స్కాట్లండు పెద్దాయన ఒకాయన కిల్టులో కూర్చున్నాడు. అదీ నేషనల్ డ్రెస్ కిందే. నాన్నగారు చాలాసేపు దాని కుచ్చెళ్ళు చూసి, "ఎన్ని గజాలో అడగరా" అని మనవడికి చెప్పారు. వాడు సిగ్గుపడుతూ లేచి అడిగాడు. ఎనిమిది గజాలట. "మీ నాయనమ్మ చీర కంటే రెండు గజాలు ఎక్కువే" అన్నారు నాన్నగారు. వాడు దాన్ని కూడా ఇంగ్లీషులో చెప్పాడు. ఆయన కుర్చీ ఇటు తిప్పుకుని కూర్చున్నాడు. ఇద్దరికీ గాలిలో డెక్కు మీద నడవడం గురించి చెప్పుకోవడానికి చాలా ఉంది. నడుమ మా వాడు దుబాసీ.

పెరుగు మాట ఎందుకెత్తానంటే, ఇందులో అసలైన నష్టం ఒకటి దాగి ఉంది. చాలా ఓడల్లో భారతీయ శాకాహారం కావాలంటే ముందురోజు ప్రధాన భోజనశాలలో చెబితే చేసిపెడతారు. పప్పు, కూర, అన్నం, పెరుగు బల్ల దగ్గరికి వస్తాయి. బఫేలో ఏ గరిటె ఎందులో ముంచారో తెలియదు, పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడాలి. పెద్దవాళ్ళకి ఎక్కువ పనికొచ్చే భోజనం, వాళ్ళు రాలేరని మనం అనుకునే గదిలోనే ఉంది.

నేషనల్ డ్రెస్ అంటే ఏది, ఏది కాదు? పేళ్ళికి కట్టుకునేది అవును. పెరట్లో మొక్కలకి నీళ్ళు పోసేటప్పుడు కట్టుకునేది కాదు. లుంగీ, నలిగిన కుర్తా పైజమా తీసుకెళ్ళి ఇది మా దేశపు దుస్తు అని వాదించడం గడుసుతనం. అంచున్న పంచె, ఇస్త్రీ లాల్చీ లేదా పొడుగు చేతుల చొక్కా, కండువా ఉంటే నిండుగా ఉంటుంది. పైన చొక్కా లేకుండా ఉత్తరీయం ఒక్కటే కప్పుకోవడం గుడిలో బాగుంటుంది గానీ ఇక్కడ వద్దు. ఉత్త కాళ్ళు వద్దు, హవాయి చెప్పులు వద్దు. తోలు చెప్పుల సంగతి ముందుగా అడగడం మంచిది, మూసిన బూట్లయితే ఆ బెంగే లేదు. పంచె అలవాటు లేనివాళ్ళకి బంద్‌గలా కోటు ఉంది. మెడదాకా మూసి ఉంటుంది కనుక టై గొడవే లేదు. స్వాతంత్ర్యం వచ్చాక మన దౌత్యవేత్తలు లోకమంతా తిరిగింది దాంతోనే. షేర్వాణీ కూడా బాగానే ఉంటుంది గానీ, పెళ్ళికొడుకులా కనబడటానికి అభ్యంతరం లేకపోతేనే.

ఆడవాళ్ళ విషయంలో ఇంత చర్చ ఎప్పుడూ లేదు, గమనించారా? ఫార్మల్ నైట్ అనగానే మన ఆడవాళ్ళు పట్టుచీర తీసి పెట్టెలో పెట్టుకుంటారు. ఎవరినీ అడగరు. ఆ రాత్రి భోజనశాలలో వాళ్ళని మించినవాళ్ళు ఉండరు కూడా. పక్కన నడిచే మగవాడు మాత్రం అద్దె టక్సీడోలో, హోటలు మేనేజరులా ఉంటాడు. పంచె అంటే బెరుకు మనకే, మగవాళ్ళకే. పెళ్ళిలో పురోహితుడు కట్టించినప్పుడు తప్ప కట్టము, కట్టినా లోపల నిక్కరు, పైన బెల్టు. తప్పు ఓడ కంపెనీది కాదు.

కొన్ని వాడుక సంగతులు. ఓడ గదుల్లో ఇస్త్రీపెట్టె నిషేధం, అగ్నిప్రమాదం భయంతో. పెట్టెలో దొరికితే తీసి దాచి, దిగేటప్పుడు ఇస్తారు. అగరొత్తులు, దీపం కుందెలు, రైస్ కుక్కరు కూడా అంతే. కొన్ని ఓడల్లో ప్రయాణికులే ఉతుక్కునే లాండ్రీ గది, అందులో ఇస్త్రీ బల్ల ఉంటాయి, కొన్నిటిలో ఉండవు. అందుచేత గంజిపెట్టిన నేత చీరలు, మంగళగిరి పంచెలు అందానికి బాగున్నా ప్రయాణానికి కష్టం. మెత్తటి ఉప్పాడ, గద్వాల్ పట్టు లాంటివి చుట్టి పెట్టుకుంటే మడత పడదు. గది ఇరుకు, ఇద్దరు ఒకేసారి కుచ్చిళ్ళు పెట్టుకోవడం అసాధ్యం, వంతులు వేసుకోండి. పిన్నీసులు పుష్కలంగా తీసుకెళ్ళండి. భోజనశాలలో ఏసీ గట్టిగా ఉంటుంది కనుక అమ్మలకి శాలువా తప్పదు. ఫోటో కోసం డెక్కు మీదికి వెళ్తే గాలికి పైట ఆగదు. లోపలి మెట్ల దగ్గర తీయించుకోండి, 'నార్మండీ' వాళ్ళు కట్టినట్టు వాటిని ఇప్పటికీ అందుకే కడుతున్నారు. పిల్లలకి లంగా ఓణీ, కుర్తా చాలు.

అన్ని కంపెనీలూ ఒకలా లేవు. నార్వేజియన్ వాళ్ళు 2000లోనే 'ఫ్రీస్టైల్' పేరుతో ఈ బాదరబందీ వదిలించుకున్నారు. సెలబ్రిటీ, హాలండ్ అమెరికా వాళ్ళు ఫార్మల్ అన్న మాట తీసేసి, మెత్తటి పేర్లు పెట్టారు. 2021లో ప్రయాణాలు మొదలుపెట్టిన వర్జిన్ వాయేజెస్‌లో అసలా రాత్రులే లేవు. ఏటేటా మారుతున్నాయి కనుక మీ టికెట్టుతో వచ్చిన పేరానే ప్రమాణంగా తీసుకోండి, నా మాట కాదు. నన్నడిగితే, పూర్తిగా పోవడం కూడా నాకంత ఇష్టం లేదు. మూడు తరాలూ ఒకసారి స్నానం చేసి, తల దువ్వుకుని, ఒక బల్ల చుట్టూ కూర్చోవడం మన ఇళ్ళల్లో పండగలకి కూడా తగ్గిపోయింది. దానికి బయటివాడెవడో కాగితం పంపితే గానీ వీలుపడకపోతే, కాగితం ఉండనివ్వండి.

ముందుగా ఉత్తరం రాసి జవాబు అచ్చువేసుకోవడం మాత్రం మరచిపోకండి. నియమం ఎలా రాసినా, తలుపు దగ్గర నిలబడే మనిషి విచక్షణ అని ఒకటుంటుంది. కొత్తగా చేరినవాడు పంచె ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు.

చివరగా ఆఖరి రాత్రి. ఆ రాత్రి పది, పదకొండు లోపల పెట్టెలు గది బయట పెట్టాలి. పనివాళ్ళు తెల్లారేలోగా దించేస్తారు. ఉత్సాహంగా అన్నీ సర్దేసి బయట పెట్టేసి, మర్నాడు ఉదయం రాత్రి బట్టల్లో కస్టమ్స్ దాటినవాళ్ళ కథలు ప్రతి ఓడలోనూ చెబుతారు. పొద్దున దిగేటప్పుడు కట్టుకునే జత, మందులు, పాస్‌పోర్టులు చేతిసంచీలో విడిగా పెట్టుకోండి. నాన్నగారి పంచె కూడా, ఇంకొకటి.